ఒక పలకకు ఒకే ఎరుపు

మహర్నవమి నాడు ఉదయం పదకొండూ ఇరవైకి సింహాద్రి తొమ్మిదో గాదెలో ధాన్యంలో మునిగాడు. మర ఆగలేదు.

అంతకు గంట ముందు అతను గాదె మెట్ల మీద కూర్చుని కొబ్బరిముక్క తింటున్నాడు. ఆయుధపూజ అయింది. గొలుసులకు, తాళ్ళకు, గాదె అడుగున ధాన్యాన్ని బయటికి తోసే మరకు బొట్లు పెట్టారు. మర నడిపే నూకరత్నం కుంకుమ తడిపి తన వెలుగుపలకకు కూడా పెట్టింది. వెలుగుపలక అంటే గోడకు బిగించిన గాజు. మీటలు అందులో వెలుగుగా కనిపిస్తాయి, వేలు తగిలితే పనిచేస్తాయి. చేత్తో తిప్పే మీట దేశంలో ఎక్కడా మిగల్లేదు.

ఆపుమీట కప్పుకుపోకూడదని ఆమె బొట్టును నాలుగు వేళ్ళ ఎడంగా, పైన పెట్టింది.

"పలకకి పెళ్ళిబొట్టు పెట్టేవేటి ఒదినా? అరిసెంత ఉంది," అన్నాడు సింహాద్రి. అతను ఆమె భర్తకు తమ్ముడు.

"రోజంతా పనిచేసేది అదీ. నీలాగ కొబ్బరి నమిలేది కాదు."

"లోపలికి దిగేది నేను కదా. మరి నాకో?"

ఆమె వేలికి మిగిలిన కుంకుమ అతని నుదుట రాసింది. "చాల్లే, ఇంక నీకు దిష్టి తగల్దు."

పలకలన్నిటికీ ఒకటే ఒరవడి. వంటింటి పొయ్యికీ, లిఫ్టుకూ, రైలుకూ, గాదెకూ ఆపుమీట ఎర్ర గుండ్రమే. ఒక పలకకు ఒకే ఎరుపు. ఒరవడి తప్పిన మీట ఎక్కడున్నా సరిచూపరి దిద్దుతుంది. సరిచూపరి మనిషి కాదు. దేశంలోని పలకలన్నిటినీ వంతులవారీగా చూసే యంత్రం. ఒకసారి దిద్దిన పలకను మాత్రం ఆ రోజంతా విడవకుండా చూస్తుంది. మొదట్లో గాజు లోపలి మీటలనే చూసేది. జనం పలకల మీద స్టిక్కర్లు అంటించడం మొదలుపెట్టాక, పైకప్పుకు ఒక కెమెరా కన్ను బిగించి గాజు పైన ఉన్నవి కూడా చూపించారు. సరిచూపరి వచ్చాక యంత్రాల దగ్గర ప్రమాదాలు సగానికి తగ్గాయి. నూకరత్నం కూతురు మాటలు రాకముందే పొయ్యి ఆపడం నేర్చుకుంది. మీటల మీద అక్షరాలు చదివే అలవాటు జనానికి పోయింది. చదవాల్సిన పని పడలేదు.

పూజ చేసిన మరను తిప్పకుండా వదలరు. సూపర్‌వైజర్ గౌరునాయుడు గుమ్మడికాయ కొట్టి, "తిప్పు రత్నమ్మా," అన్నాడు. మర తిరిగింది. ధాన్యం రాలేదు. వానల తేమకు గాదెలో పైన గట్టిపడి అట్ట కట్టింది.

అట్ట కడితే ఒకరు నడుముకు తాడు కట్టుకుని లోపలికి దిగి గునపంతో పొడవాలి. అప్పుడు మర ఆపి ఉంచాలన్నది నిబంధన. ఈ గాదెల దగ్గర ఆపరు, నెమ్మదిగా తిప్పుతారు. ఆపితే అట్ట కదిలిందో లేదో తెలియదని వాళ్ళ వాదన. లోపలి మనిషి అరిస్తే ఆపడానికి పలక దగ్గర ఒకరు నిలబడతారు. సింహాద్రి దిగినప్పుడల్లా నిలబడేది నూకరత్నమే.

"కునుకు తియ్యకు ఒదినా."

"నీ పాటలికి కునుకెవరికి పడతాది? దిగు."

గౌరునాయుడు పైన తాడు కడుతుండగా సరిచూపరి తొమ్మిదో గాదె పలకను చూసింది. రెండు ఎర్ర గుండ్రాలు ఉన్నాయి. దాని దృష్టిలో రెండూ మీటలే. ఒకటి తీసేయాలి. పైదాన్ని చెరపబోయింది, అది చెరగలేదు. కిందిదాన్ని చెరిపింది, చెరిగింది. ఆపుమీట 'ఇతర మీటలు' అనే పుటలోకి వెళ్ళింది. సరిచూపరి మళ్ళీ చూసింది. పలక మీద ఎరుపు ఒక్కటే ఉంది.

నూకరత్నం పలక వైపు చూడటం లేదు. పైన తాడు వైపు చూస్తోంది.

"కదిలింది!" అని సింహాద్రి లోపలి నుంచి అరిచాడు. వెంటనే, "ఆపు! ఒదినా, ఆపు!"

ఆమె కంటికొసకు కనిపించిన ఎర్ర గుండ్రాన్ని నొక్కింది.

తాడు బిగుసుకుంది. గౌరునాయుడు లాగాడు. తాడు పైకి రాలేదు, కిందికి జారింది.

"ఆపలేదేటి?"

"ఆపేను!"

"మర తిరగతంది రత్నమ్మా! నొక్కు!"

"నొక్కతన్నాను! నొక్కే ఉన్నాను బాబూ!"

గౌరునాయుడు మెట్ల మీదికి వచ్చి చూశాడు. ఎర్ర గుండ్రం మీద ఆమె వేలు ఉంది. మోటారే ఆగడం లేదనుకున్నాడు. తాడును కమ్మీకి చుట్టి, మోటారు బెల్టు తెంపడానికి మెట్లు దిగి పరిగెత్తాడు. ఆమె పక్క నుంచే వెళ్ళాడు. పలక మీద ఇంకేమీ చూడలేదు.

సింహాద్రి గొంతు వినిపించడం ఆగింది.

నూకరత్నం వేలు తీసి అరచేత్తో కొట్టింది. రుద్దింది. మళ్ళీ కొట్టింది. చెమటకు కుంకుమ చెదిరి, గాజు మీద చార అయి, తర్వాత చార కూడా పోయింది. సరిచూపరి చూసింది. పలక మీద ఎరుపు లేదు. ప్రతి పలకకూ ఒకటి ఉండాలి. ఆపుమీటను పాత చోట వెలిగించింది. అది ఆమె మణికట్టు కింద ఉంది.

మర ఆగింది.

అప్పుడు ఆమె చెయ్యి తీసి పలక వైపు చూసింది. ఎర్ర గుండ్రం తను నొక్కిన చోటికి నాలుగు వేళ్ళ కింద వెలుగుతోంది.

గౌరునాయుడు గాదె పక్క తలుపు తీశాడు. ధాన్యం బయటికి పారింది. ఇద్దరూ చేతులతో తోడి సింహాద్రిని లాగారు. ఊపిరి లేదు. అంబులెన్సులో వచ్చిన డాక్టరు కూడా అదే చెప్పాడు.

మధ్యాహ్నం విచారణకు ఒక అధికారి వచ్చాడు. పలకలో నమోదైన వివరాలు చూసుకుని నూకరత్నాన్ని అడిగాడు.

"ఆయన అరిచిన మూడు నిమిషాలకు గానీ మీరు ఆపుమీట తాకలేదని పలక చెబుతోంది. అంతవరకూ ఏం చేస్తున్నారమ్మా?"

ఆమె కుడిచెయ్యి చాపి అరచెయ్యి తెరిచింది. కుంకుమ మణికట్టు దాకా ఉంది.