గేటు నుంచి బస్టాపు దాకా

"పన్నెండు మీటర్లు ఎక్కువుంది" అంటూ ప్లానింగ్ ఆఫీసులో ఆ అమ్మాయి నా ఫైలు మూడోసారి వెనక్కి నెట్టింది.

కొత్త రూలు చిన్నదే. బస్సు రూటు మీది స్టాపు నుంచి ఇంటి గేటుకి నడక నాలుగు వందల మీటర్ల లోపైతే ఐదంతస్తులు కట్టుకోవచ్చు. దాటితే రెండే. ఐదొస్తే ఒకటి అక్కావాళ్ళకి. లేకపోతే అక్క తన పిల్లలతో ఊరి చివరకి పోవాలి. అక్కడి ఇంటివాళ్ళు నెలాఖరుకి మాట చెప్పమన్నారు.

"మ్యాపు మీద స్కేలు పెట్టి కొలిచానండీ. మూడొందల నలభై."

"మీ స్కేలు పక్కింటి గోడ మీంచి పోయింది. మీ అమ్మగారు గోడ దూకి బస్సెక్కుతారా?"

"అవసరమైతే దూకుతుంది."

ఆమె నవ్వాపుకుంది. నాకు ఒళ్ళు మండింది. ఆ నవ్వు కోసమే ప్రతిసారీ ఫైలు నేనే మోసుకొస్తున్నానని తెలిసి ఇంకా మండింది.

శనివారం పొద్దున ఆమె కొలిచే చక్రం తోసుకుంటూ మా వీధికొచ్చింది. నాలుగు వందల పన్నెండే. నేను నీరసపడిపోయాను. ఆమె మా ఇంటి వెనక్కి తొంగి చూసింది.

"ఆ సందేంటి?"

"సందు కాదండీ, మేం బట్టలారేసుకునే చోటు."

"ఎటు పోతుంది?"

"స్టాపుకే."

ఆమె నా వంక జాలిగా చూసింది. తడి దుప్పట్లు తప్పించుకుంటూ చక్రం తోసింది. మూడొందల డెబ్భై ఒకటి.

"ఈ ముక్క మొదటిరోజే చెప్పొచ్చుగా?" అన్నాను.

"మీరు గీస్తే కదా నేను చూసేది. పైగా ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్ మీరు."

పుట్టినప్పటి నుంచి నడుస్తున్న దారిని గీయాలని నాకు తోచనేలేదు.

"గేటు ఇటు మార్చి గీసివ్వండి. సంతకం మాత్రం నేను పెట్టను."

"మళ్ళీ ఏమొచ్చిందండీ?"

"కావలసినవాళ్ళ ఫైళ్ళ మీద మేం సంతకం పెట్టకూడదు. పై ఆఫీసరుగారికి పంపుతాను. ఇంకో నెల పడుతుంది."

"నెలా? మా అక్క ఏం కావాలి? మూడుసార్లు తిప్పి పంపారు, నేను మీకు కావలసినవాణ్ణెలా అవుతాను?"

ఆమె విసుగ్గా చక్రం గోడకి ఆనించింది. "ఈ రూలు కూడా విడమరిచి చెప్పాలా?"

"వాడికి చెప్పాల్సిందేనమ్మా" అంది, దుప్పటి ఆరేస్తున్న అక్క. "నెలే కదా, ఆగుతాం. ఊరి చివరివాళ్ళకి రామని ఇవాళే చెప్పేస్తాను."

అప్పటికి నా బుర్రకెక్కింది.

"మీరంటే నాకు చాలా ఇష్టమండీ" అన్నాను. "ఆ సంతకం ఆయన్నే పెట్టనివ్వండి."