ఊ కొట్టే మనిషి

మాటకారి అంటే అలా ఇలా మాటకారి కాదు ఆయన. ముప్పై ఏళ్ళుగా సెలూన్ నడుపుతున్నాడు. చేతిలో కత్తెర ఎంత ఆడిందో నోరూ అంత ఆడింది. కుర్చీలో కూర్చున్నవాడికి తప్పించుకునే దారి ఎక్కడిది? మెడ చుట్టూ గుడ్డ, చెవి పక్కన కత్తెర. తల ఊపితే చెవి తెగుతుంది కాబట్టి పాపం "ఊఁ" అంటాడు. ఆ ఒక్క ఊఁ చాలు మనవాడికి, ఇంకో అరగంట లాగించేస్తాడు.

ఇంట్లో ఊ కొట్టే పని భార్యది. దీపం ఆర్పాక, ఆ రోజు వచ్చిన తలకాయలన్నిటి సంగతీ వరసపెట్టి చెప్పేవాడు. ఆవిడ అటు తిరిగి పడుకుని ఊఁ, ఊఁ అంటూ ఉండేది. ఊఁ ఆగిందంటే నిద్రపోయిందన్నమాట. ఆయనా నోరు మూసుకుని పడుకునేవాడు. పోయిన వేసవిలో ఒక రాత్రి, పెళ్ళికొడుకు మీసం కథ మంచి పట్టులో ఉండగా ఊఁ ఆగింది. నిద్రపోయిందనుకుని దుప్పటి కూడా కప్పాడు. తెల్లారి లేపితే లేవలేదు.

ఆ కథ అక్కడే ఆగిపోయింది. ఏడాదిగా దాని మిగతా సగం ఎవరికీ చెప్పలేదు. సెలూన్లో రేడియో పెట్టుకుని మూగవాడిలా పని చేసుకుంటున్నాడు. ఆవిడకి ఫొటోలంటే గిట్టేది కాదు, పిల్లలు లేరు. ఆ ఇంట్లో ఆవిడ మిగిలి ఉన్న చోటు ఒక్కటే, ఆయన తలకాయ.

బావమరిది స్కూలు వ్యాను తోలుతాడు. వేసవి సెలవులు ఇంకో వారంలో అయిపోతాయనగా వచ్చి కూర్చున్నాడు.

"పద బావా, రెండ్రోజులు సరస్సు దగ్గర పడి ఉండొద్దాం. సీజన్ అయిపోయింది, నరపురుగు ఉండదు."

"మనుషుల్లేని చోట నేనేం చేస్తానురా?"

"అక్కడైనా నోరు తెరుస్తావేమోనని."

సరస్సు ఒడ్డున చెక్క గదులు ఆరు వరసగా ఉన్నాయి. అయిదింటికి తాళాలు. ప్లాస్టిక్ కుర్చీలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కించి తాడుతో కట్టేశారు. పడవలు ఒడ్డున బోర్లా పడుకున్నాయి. కాపలా ముసలాయన తాళంచెవి చేతిలో పెట్టి, సైకిలెక్కి వెళ్ళిపోయాడు. ఎండకి కాగిన చెక్క వాసన, నీటి అంచున ఎండుతున్న పాచి వాసన. ఇక చుట్టుపక్కల అలికిడి లేదు.

సాయంత్రం టీ పెట్టబోయి బావమరిది నెత్తి కొట్టుకున్నాడు.

"స్టవ్వు తెచ్చా, గిన్నె తెచ్చా, పంచదార తెచ్చా... అగ్గిపెట్టె తేలేదు బావా!"

"బుర్ర తెచ్చావో లేదో కూడా ఓసారి తడుముకో."

అని ఆయనే నవ్వాడు. ఏడాదిలో మొదటి నవ్వు. బావమరిది సంబరపడిపోయి, "మలుపు దగ్గర కొట్టుంది, అరగంటలో వచ్చేస్తా. నువ్వూ రారాదూ?" అన్నాడు.

"నేనెందుకురా? ఇక్కడే కూర్చుంటా."

వ్యాను చప్పుడు చెట్ల వెనక సన్నబడి, సన్నబడి, పోయింది. వరండా మెట్ల మీద కూర్చున్నాడు. సరస్సు మీద వెలుతురు ఎవరో చాప చుట్టుకుపోయినట్టు అవతలి ఒడ్డుకి వెళ్ళిపోతోంది. నీరు కదలడం లేదు, ఆకు కదలడం లేదు. ఇంత నిశ్శబ్దంలో మనిషికి తన గొంతైనా వినాలనిపిస్తుంది కదా.

"నీళ్ళు బాగా తగ్గినట్టున్నాయి," అన్నాడు పైకే.

"ఊఁ."

పక్కగది వరండాలోంచి. మధ్యలో చెక్క అడ్డు ఉంది, మనిషి కనబడడు.

"ఎవరండీ? మీరూ ఇవాళే దిగారా?"

జవాబు లేదు. మొహమాటం మనిషి కాబోలు అనుకున్నాడు. ఆ గదికి తాళం చూసిన సంగతి గుర్తురాలేదా అంటే, వచ్చింది. కానీ ఏడాదిగా పస్తున్నవాడి ముందు విస్తరి వేస్తే, వేసిందెవరని అడుగుతాడా?

"మా ఆవిడ్ని మొదటిసారి చూసింది నా కొట్లోనేనండీ," మొదలెట్టాడు. "తమ్ముడికి జుట్టు కత్తిరించమని తీసుకొచ్చింది. వాడు ఏడుస్తూ తల విదిలించాడు, చెవి కాస్త తెగింది. ఆవిడ నా చేతిలో కత్తెర లాక్కుని, 'కొట్టు పెట్టింది మాట్లాడ్డానికా, పని చెయ్యడానికా?' అంది. అంతే, పడిపోయాను!"

"ఊఁ."

ఎంత కమ్మగా ఉందో ఆ ఊఁ!

"ఆ వేళ ఆవిడ కట్టుకున్నది..."

ఆగాడు. కుర్చీ గుర్తుంది. ఏడుస్తున్న పిల్లాడు గుర్తున్నాడు. పిల్లాడి పక్కన ఎవరో ఉండాలి... అక్కడ గోడ ఉంది. ఒట్టి గోడ.

జేబులో డబ్బు పోయిందేమోనని తడుముకున్నవాడిలా గబగబా వెతుక్కున్నాడు. "ఆవిడ కుడిచేతి మీద నూనె చిందిన మచ్చ ఉండేది."

"ఊఁ."

చెక్క అడ్డుకి ఇవతల.

మచ్చ పోయింది. చెయ్యీ పోయింది.

"నవ్వితే... నోటికి కొంగు అడ్డం..."

"ఊఁ."

నవ్వు పోయింది.

రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. చీకటి పూర్తిగా దిగింది. ఎక్కడా చప్పుడు లేదు. తన ముక్కు ఊపిరి తప్ప... కాదు. ఇంకో ఊపిరి కూడా. ఆయన కూర్చున్న మెట్టుకి, ఒక్క మెట్టు కింద. తడిసిన బట్ట వాసన.

లేచి పరిగెత్తేవాడే. అప్పుడు ఆడగొంతు, గుసగుసగా,

"పెళ్ళికొడుక్కి సగం మీసం పోయిందన్నారు... తర్వాత?"

ఆ కథ ఎక్కడ ఆగిందో లోకంలో ఇంకెవరికీ తెలియదు. మీరే చెప్పండి, ఆయనేం చెయ్యాలి? చేతులు వాటంతటవే కిందికి జారాయి.

"నువ్వేనా?"

"తర్వాత చెప్పండీ..."

"తర్వాత ఏముంది... మిగతా సగం కూడా గీసెయ్యమన్నాడు. నున్నగా వెళ్ళి మండపంలో కూర్చుంటే, పెళ్ళికూతురు... ఈయనెవరు, నేనెరగను అందట."

"ఊఁ."

అరగంట దాటాక వ్యాను దీపాలు మెట్ల మీద పడ్డాయి. ఆయన ఒక్కడే కూర్చుని ఉన్నాడు, మొహం ప్రశాంతంగా ఉంది.

"చీకట్లో ఏంటి బావా?"

"వచ్చావా? ఒరేయ్, ఎప్పట్నుంచో అడగాలనుకుంటున్నా. నన్ను బావా అంటావేంట్రా? మీ అక్కని నేనెప్పుడు చేసుకున్నాను?"

వాడు పగలబడి నవ్వాడు. దగ్గరికొచ్చి మొహం చూశాడు. అగ్గిపెట్టె చేతిలోంచి పడిపోయింది.

సామాను అక్కడే వదిలేసి, ఆయన్ని వ్యాను ముందు సీట్లో కూలేసి, బండి తిప్పాడు. డాక్టరు దగ్గరికి గంటన్నర దారి. దారి పొడుగునా చెబుతూనే ఉన్నాడు, పాపం, గుర్తు చేద్దామని.

"ఇదిగో చెవి మీద మచ్చ, చూడు! నువ్వు చేసిందే! మా అక్క నీ చేతిలో కత్తెర లాక్కుందా లేదా?"

"ఊఁ."

"ఆఁ, గుర్తొస్తోందిగా! నాకు జ్వరమొస్తే అక్క నన్ను వీపున మోసుకుని..."

"ఊఁ."

ఆయన నోరు విప్పలేదు. వాడు రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. చెబుతున్నాడు, ఏడుస్తున్నాడు, చెబుతున్నాడు. వెనక పిల్లల సీట్లన్నీ చీకట్లో ఉన్నాయి.

"మా అక్క పోయిన రోజు నేను..."

ఆగాడు. బండి రెండు మలుపులు తిరిగింది.

"ఏదో చెబుతున్నా బావా. ఏంటది?"

"ఏమో."

కళ్ళు తుడుచుకుని, తడిసిన వేళ్ళ వంక వింతగా చూసుకున్నాడు. తర్వాత ఇంటి దారి పట్టాడు. డాక్టరు ఊసు ఇద్దరూ ఎత్తలేదు.

కొంత దూరం పోయాక వెనక నుంచి ఆడగొంతు వినిపించింది.

"ఏమండోయ్, ఆ కిటికీ అద్దం కాస్త ఎత్తండి. చలేస్తోంది."

"ఎత్తు బావా," అన్నాడు వాడు తాపీగా. "అక్కకి చలంట."

ఆయన అద్దం ఎత్తాడు. వచ్చేటప్పుడు మనం ముగ్గురమేనా అని అడగాలనిపించింది. తెలియనివాళ్ళ ముందు అడిగితే బాగుండదేమో అనిపించింది. ఇంతలో సీటు కింద నుంచి సన్నటి నీటిధార పాక్కుంటూ ముందుకి వచ్చింది. ఆయన కాళ్ళు పైకి తీసుకున్నాడు.