వెల్లకిలా పడుకున్న గాజు డబ్బీ

ఇలా దగ్గరికి జరుగు అమ్మడూ. ఆ ఫోన్ పక్కన పెట్టు. ఈ కథలో ఉన్నవన్నీ కంటికి ఆననంత చిన్నవి, దూరంగా కూర్చుంటే ఒక్కటీ దొరకదు.

ఏజెంట్ పదిహేడు ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి పెద్దాయన గదిలో నిలబడి ఉన్నాడు. పెద్దాయనంటే సీక్రెట్ సర్వీస్ చీఫ్. కూర్చోమనలేదు. ఆయన కూర్చోమనలేదంటే టైం లేదని అర్థమట. ఇదంతా తర్వాత పదిహేడే నాకు చెప్పాడు, నేను కల్పించింది ఏమీ లేదు.

"శత్రుదేశంలో మనవాళ్లు పదకొండు మంది మారుపేర్లతో బతుకుతున్నారు. వాళ్ల లిస్టు నిన్న పోయింది," అన్నాడు పెద్దాయన. "మైక్రోఫిల్మ్‌కి ఎక్కించారు. ఆవగింజని వంద ముక్కలు చేస్తే అందులో ఒక ముక్కంత ఉంటుంది."

"ఎక్కడుంది సార్?"

"సముద్రపు నాచు మీద పరిశోధన చేసే లాబ్‌లో. ఐదింటికి దేశం దాటుతుంది. ఎలాగో తెలీదు. అక్కడ మన మనిషి ఒకావిడ ఉంది, ఆవిడే కబురు పంపింది. నువ్వు పైపులు బాగుచేసేవాడిలా వెళ్తావు."

పదిహేడు తలుపు దాకా వెళ్లి ఆగాడు. "ఆ లిస్టులో ఏడో పేరు..."

"మీ తమ్ముడిది. తెలిసే నిన్ను పంపిస్తున్నా. బయల్దేరు."

ఆ రోజుల్లో నేను ఆ లాబ్‌లో సీసాలు కడిగేదాన్ని. చదువా, నాలుగో తరగతితో సరి. సీసాలు కడగడం కాక నాకు ఇంకో పని ఉండేది. నాచు ఆకుల మీద డయాటమ్‌లని కంటికి కనబడని జీవాలు ఉంటాయి. ఒక్కోటీ ఒక గాజు డబ్బీ అనుకో. కింద డబ్బా, పైన మూత, ఒంటినిండా జల్లెడలా వరసగా చిల్లులు. కొన్ని కాడ మీద విసనకర్రల్లా నిలబడతాయి. కొన్ని చెయ్యీ చెయ్యీ పట్టుకున్న పిల్లల్లా వంకరటింకరగా గొలుసు కడతాయి. కొన్ని నువ్వుగింజల్లా ఆకుకి అతుక్కుని పడుకుంటాయి. ఆకుని యాసిడ్‌లో ఉడకబెడితే ఆకు పోతుంది, జిగురు పోతుంది, గాజు ఒక్కటే మిగులుతుంది. ఆ గాజుని కడిగి, వెంట్రుకతో తిప్పి, అద్దం మీద పేర్చి మేడమ్‌కి ఇవ్వాలి. అదీ నా పని.

మేడమ్ అంటే ముత్యాల మేడమ్. మెడలో మూడు పేటల ముత్యాలు, కళ్లకి నల్లద్దాలు. మెట్ల మీద నడిచొస్తుంటే గుమాస్తాలు పెన్నులు జారవిడిచేవాళ్లు. ఆవిడ రాసిన పుస్తకాలు దేశదేశాల వాళ్లు చదివేవాళ్లు.

మూడున్నరకి పదిహేడు వచ్చాడు. భుజాన సంచి, చేతిలో రెంచి, మొహాన మసి.

"ఎక్కడ కారుతోందమ్మా పైపు?" అన్నాడు.

"కారడం లేదు, ఏడుస్తోంది," అంది మేడమ్. అది వాళ్ల కోడ్ మాటట. నాకేం తెలుసు, పెద్ద చదువులవాళ్లు ఇలాగే మాట్లాడతారు కాబోలు అనుకున్నా.

మేడమ్ అతన్ని నేల కిందున్న తొట్టి గదికి తీసుకొచ్చింది. నేను అక్కడే మూల స్పిరిట్ దీపం మీద యాసిడ్ గిన్నె పెట్టుకుని ఉన్నా. రాతి గోడలు, మధ్యలో ముప్పై నాచు ఆకులు తేలే తొట్టి, అవతలి గోడకి సముద్రంలోకి తెరుచుకునే గేటు. పోటు వచ్చినప్పుడు గడియారం యంత్రం దాన్ని తెరిచి తొట్టి కడుగుతుంది. ఆ టైంకి గదిలో ఎవరూ ఉండకూడదు.

"నువ్వు వెతికేది ఈ ఆకుల్లోనే ఉంది," అంది మేడమ్. అతను తొట్టి మీదికి వంగాడు. వెనక ఇనపతలుపు మూసుకుంది. గడియ పడింది.

తలుపులో పళ్లెమంత అద్దం ఉంది. దాని వెనక మేడమ్ నవ్వుతోంది. "ఐదింటికి గేటు తెరుచుకుంటుంది. నీళ్లు కప్పుదాకా వస్తాయి. నీళ్లు వెనక్కి తీసేటప్పుడు ఆకులు వాటంతటవే బయటికి పోతాయి, అక్కడ పడవలో నావాళ్లు వల పట్టుకుని ఉన్నారు. నన్ను ఎవరు సోదా చేసినా ముత్యాలే దొరుకుతాయి. లిస్టుకి ఒక ధర, నీ తలకి ఒక ధర." తర్వాత నా వైపు చూసింది. "సీసాల పిల్లా, నువ్వు పాపం మధ్యలో ఇరుక్కున్నావు."

పదిహేడు వాచీలోని రేడియో నొక్కాడు. ఆ గోడల మధ్య అది మూగబోయింది. గేటు కింది సందులోంచి నీళ్లు అప్పటికే మడమలు తడుపుతున్నాయి. నేను గిన్నె కింద దీపం ఆరిపోకుండా రెంటినీ ఎత్తి బల్లమీద పెట్టా. చేతికి అలవాటైన పని భయం కంటే ముందు కదులుతుంది.

"ఆ యాసిడ్‌లో ఫిల్మ్ కరుగుతుందా చెల్లెమ్మా?"

"గాజు తప్ప ఏదైనా కరుగుతుంది పైపులన్నా. గిన్నెలో ఒక్కసారికి ఒక్క ఆకే పడుతుంది, దానికి ఇరవై నిమిషాలు."

"ముప్పై ఆకులు. ఉన్నది గంట." అతను రెంచి పిడి తిప్పి తీస్తే లోపల చిన్న మైక్రోస్కోప్ ఉంది. ఒక ఆకు కింద పెట్టి చూశాడు. చూసి, చూసి, తల పట్టుకున్నాడు. "నువ్వుగింజల్లాంటివి వేలకి వేలున్నాయి. అన్నీ ఒకేలా ఉన్నాయి. ఫిల్మ్‌ని ఆ గింజల ఆకారంలోనే కోసి అతికించినట్టున్నారు. ఇసుకలో ఇసుకరేణువుని వెతకమంటే ఎలా?" గోడతో చెప్పినట్టు అన్నాడు, "మా తమ్ముడికి నిద్రలో మాట్లాడే అలవాటు. నాలుగేళ్లుగా పరాయి భాషలో నిద్రపోతున్నాడు వాడు."

"ఇటివ్వు," అన్నా.

నీళ్లు మోకాళ్లకి వచ్చేశాయి. నేను తలలో పేలు చూసినట్టు ఆకు తర్వాత ఆకు చూసుకుంటూ పోయా. ఇరవై రెండో ఆకు కొసన ఆగాను.

"ఇదే దొంగ."

"ఎలా చెప్తున్నావు?"

"ఇది వెల్లకిలా పడుకుంది అన్నా. ఈ నువ్వుగింజల జాతికి పొట్ట వైపు మాత్రమే సన్నటి చీలిక ఉంటుంది. ఆ పొట్టతోనే ఆకుని పట్టుకుని బోర్లా పడుకుంటుంది, వీపే మనకి కనబడుతుంది. దీనికి చీలిక పైకి ఉంది."

"మేడమ్ అంత పెద్ద సైంటిస్టు. ఆవిడకి తెలీదా?"

"ఆవిడ చూసేదంతా నేను ఉడకబెట్టి ఇచ్చిన గాజే. చీలిక బాగా కనబడాలంటుంది, అందుకని నేనే ఒక్కోదాన్ని తిప్పి వెల్లకిలా పెడతా. పుస్తకాల్లో బొమ్మలూ అవే. ఇది అతికించేదాకా పచ్చి ఆకు ఏనాడూ ముట్టుకోలేదు. చేతికి వాసనంట."

అతను ఆకు అందుకుని యాసిడ్ గిన్నెలో వేశాడు. నాలుగు ముప్పై మూడు. గిన్నె తలుపు అద్దంలోంచి కనబడని మూలనుంది. నీళ్లు నడుముకొచ్చాయి. ఆ ఇరవై నిమిషాలూ ఇద్దరం పాలు పొంగుతాయేమోనన్నట్టు గిన్నెనే చూస్తూ నిలబడ్డాం. చివరికి అడుగున తెల్లటి పొడి. ఉత్త గాజు.

"పదకొండు మందీ బతికారు," అన్నాడు పదిహేడు. "మన సంగతే ఇంక."

"ఫిల్మ్ కరిగిపోయిందని ఆవిడకి తెలీదుగా," అన్నా.

అతను నా మొహం చూసి మొదటిసారి నవ్వాడు. రెంచితో తలుపు బాదాడు. అద్దం వెనక ముత్యాలు మెరిశాయి. నేను తొట్టిలోంచి ఉత్త ఆకు ఒకటి తీసి, యాసిడ్ సీసా మీద వేలాడదీసి చూపించా.

"తలుపు తీస్తావా, ఇందులో వెయ్యమంటావా?"

"వేసుకో. అది ఎక్కడుందో నీకేం తెలుసే?"

"వెల్లకిలా పడుకున్నది కదమ్మా. అసలుదైతే ఆకు మీద బోర్లా పడుకుంటుంది. మీకు చెప్పడం మర్చిపోయా, మీరెప్పుడూ అడగలేదు."

ఆవిడ మొహంలో రంగు దిగిపోయింది. నాలుగు యాభై ఎనిమిదికి గడియ లేచింది. నీళ్లు తలుపుని తోసుకుంటూ బయటికి దూకాయి, వాటితో పాటే పదిహేడూ దూకాడు. ఆవిడ చేతిలోని పిస్తోలు ఒక పక్క, మెడలోని ముత్యాలు ఒక పక్క ఎగిరాయి. నన్ను చెయ్యి పట్టి లాగాడు. ఇద్దరం భుజాలు ఆనించి తలుపు మూసి గడియ వేశామో లేదో, లోపల గేటు తెరుచుకుంది. పళ్లెమంత అద్దం నిండా పచ్చటి సముద్రం.

మేడమ్ అక్కడే పట్టుబడింది, పడవలోవాళ్లు వలనిండా ఆకులతో దొరికిపోయారు. పదకొండు మందీ ఇంటికొచ్చారు. ఏడోవాడు ఇప్పటికీ నిద్రలో మాట్లాడతాడట, మన భాషలోనే. పెద్దాయన రిపోర్టులో "నిపుణురాలి సాయంతో" అని రాసి, నిపుణురాలి చదువు అన్నచోట ఏం రాయాలో తెలీక గీత గీశాడట.

ఇది మర్చిపోకు అమ్మడూ, నీ పిల్లలకీ చెప్పు. ఏజెంట్లని, పిస్తోళ్లని మర్చిపోయినా ఫర్వాలేదు. బోర్లా పడుకునేది ఏదో మాత్రం సరిగ్గా చెప్పు. అక్కడ తప్పితే కథంతా మునిగిపోతుంది.