నలభై అయిదు కిలోల లోపు

ఆమదాలవలసలో తిరుమలరావు బియ్యం కొట్టు తెరిస్తే, కాటా మీదకు బస్తాల కన్నా ముందు కూతురు ఎక్కాలి. ఆ ఉదయమూ అంతే. పద్నాలుగేళ్ల భరణి చెప్పులు విడిచి, జడపిన్నులు సైతం తీసి, ఊపిరి బిగబట్టి నిలబడింది.

"నలభై ఆరు," అన్నాడాయన దిగులుగా. "రేపే జిల్లా పోటీలు. బరువులెత్తే ముందు మిమ్మల్ని తూస్తారు. నలభై అయిదు దాటితే పై విభాగంలో పడేస్తారు. అక్కడన్నీ నీకంటే పెద్ద పిల్లలు. ఏటి సేద్దాం?"

"సెమట పట్టిస్తాను నాన్నా."

వైశాఖపు ఎండ అప్పుడే వీధిని కాలుస్తోంది. మేకుకు వేలాడుతున్న వానకోటు తీసి ఆయన కూతురికి తొడిగాడు. పడుచువయసులో వ్యాయామశాలలో ఆయన నేర్చిన విద్య అదే: తడి ఆరాలి, తూకం తగ్గాలి. భరణి స్కిప్పింగ్ తాడు పట్టుకుని పెరటి వైపు నడిచింది. నిన్న మధ్యాహ్నం నుంచి ఆమె గుక్కెడు నీళ్లు తాగలేదు.

వంటింటి గుమ్మంలో తల్లి ఝాన్సీలక్ష్మి ఆపింది. "మూడు నెలలై ప్యాడ్లు అడగలేదేటే?"

"రావట్లేదమ్మా. మంచిదే కదా, పోటీకి అడ్డుండదు."

ఆ తేలికమాట తల్లి గుండెల మీద బండలా పడింది. పిల్లను ఎగరనిచ్చి ఆమె నేరుగా కొట్టులోకి నడిచింది.

"దానికి ముట్టు ఆగిపోయింది. మీకు తెలుసా?"

తిరుమలరావు చూపు తిప్పుకున్నాడు. "ఆటల్లో అలాగే ఉంటాదట. నేనూ ఎత్తినోడినే."

"మీరూ ఎత్తినారు. మీకేటి ఆగింది?"

"ఓహో! కిందటేడు పతకం వస్తే మెడలో ఏసి, బొబ్బిలి పెళ్లిలో పందిరంతా తిప్పినదెవరే? ఫ్రిజ్‌కి తాళమేసినదెవరు?"

ఝాన్సీలక్ష్మి చేయి కొంగు ముడి మీదకు పోయింది. తాళంచెవి ఆమె కొంగుకే ఉంది.

గడపలో కూర్చున్న అత్తగారు కూర్మమ్మ గొంతు లేచింది. "ఒరే, మీ నాన్న బండెద్దులకి కుడితి తాపందే ఒక్క బస్తా ఎక్కించనిచ్చేవోడు కాదురా!"

"నువ్వూరుకోయే అమ్మా. నీకేటి తెలుసు?"

అప్పుడే పెరట్లో తాడు చప్పుడు ఆగింది. వెనువెంటనే బకెట్టు దొర్లింది. పరుగెత్తి చూసేసరికి భరణి నేల మీద పడి ఉంది. పిక్కలు కొయ్యబారాయి. కళ్లు సగం మూతబడ్డాయి. వానకోటు లోపల ఒళ్లు కాగిన పెనంలా ఉంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ కోపం దాచుకోలేదు. "ఒంట్లో నీళ్లు లేవు. ఇంకాస్త ఆలస్యమైతే కిడ్నీలు పాడయ్యేవి. ఎదిగే పిల్లకు తిండి చాలకపోతే నెలసరి ఆగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. ఎవరండీ ఇలా చేయమన్నది?"

"నేనేనండి," అన్నాడు తిరుమలరావు.

"నేనూను," అంది ఝాన్సీలక్ష్మి.

సెలైను చుక్క చుక్కగా దిగుతోంది. మధ్యాహ్నానికి భరణి కళ్లు తెరిచింది. అమ్మను చూసింది, నాన్నను చూసింది, పైన వేలాడే సీసాను చాలాసేపు చూసింది.

"అదెంతుంటాది నాన్నా?"

"అరలీటరమ్మా."

"అమ్మో, అరకేజీ! తీయించీయ్ నాన్నా." ఆమె చేయి సూది వైపు పాకింది.

తిరుమలరావు ఆ చేతిని పట్టుకున్నాడు. ఇన్నాళ్లూ గ్రాములతో సహా తూచిన పిల్ల చేయి ఇంత పుల్లలా ఎప్పుడయిందో ఆయనకు తెలియలేదు.

"తీయకూడదమ్మా. ఇంకోటి కూడా ఎక్కించమంటాను."

"మరి రేపు పై విభాగంలో పడతాను. ఓడిపోతాను."

"రేపు ఎల్లొద్దు."

"ఎల్లుండి?"

"ఎప్పుడెల్లినా కడుపునిండా తిని ఎల్లు. ఓడిపో తల్లీ... ఓడిపోయి ఇంటికొచ్చీయ్."

భరణి ముఖం ముడుచుకుంది, వెక్కిళ్లు పొడిగా ఎగసిపడ్డాయి. ఝాన్సీలక్ష్మి కొంగుతో తుడవబోయింది. తుడవడానికి ఆ బుగ్గల మీద ఒక్క చుక్క లేదు. మంచం అంచున తల ఆనించి తిరుమలరావే బావురుమన్నాడు.