సీటు వచ్చిన రోజు

పొద్దున్నే దర్జీ ఆఖరి దారం తెంపి, నీలం రంగు కుచ్చిళ్ల స్కర్టును దులిపి హాంగరుకు తగిలించాడు. ఊరంతా ఎగబడే ప్రైవేటు హైస్కూలు యూనిఫాం అది. అక్కడ ఎనిమిదో తరగతిలో నలభై సీట్లకు నాలుగు వందల మంది పరీక్ష రాస్తారు. అతని కూతురు రాసి వారమైంది. ఫలితం ఇంకా రాలేదు.

"బిడ్డ పుట్టకముందే కుల్లా కుట్టినట్టుంది నీ పని," అంది అతని తల్లి, చిక్కుళ్లు తుంచుతూ.

"నడుం దగ్గర గుడ్డ వదిలానమ్మా. ఎదిగినా సరిపోతుంది."

"నేననేది కొలతల గురించి కాదురా."

అంతలో ఫోను మోగింది. సీటు వచ్చింది. మధ్యాహ్నం పన్నెండు లోపల వచ్చి సంతకం పెట్టకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారట. భార్య పోయిన ఈ రెండేళ్లలో దర్జీ అంత గట్టిగా నవ్వడం అదే మొదలు.

అద్దం ముందు జడ వేసుకుంటున్న కూతురు మాత్రం వెనక్కి తిరగలేదు.

"నేను వెళ్లను నాన్నా. ఉన్న బళ్లోనే చదువుతాను. అక్కడా పదో తరగతి దాకా ఉంది."

"మతి పోయిందా? ఆ సీటు కోసం జనం కాళ్లావేళ్లా పడుతున్నారు! భయమా?"

"భయమైతే పరీక్షే రాసేదాన్ని కాదు."

"వెళ్లే ఉద్దేశం లేనప్పుడు ఎందుకు రాశావు మరి?"

"నువ్వు అప్పటికే గుడ్డ కత్తిరించేశావుగా."

నానమ్మ కొంగుతో నవ్వు దాచుకుంది. దర్జీకి మాత్రం ఒళ్లు మండింది.

"రాత్రనకా పగలనకా ఎవరికోసం కుడుతున్నాను? ఆ వీధి బళ్లో ఏముందే, పెచ్చులూడిన గోడలు తప్ప?"

"మా లెక్కల టీచరుంది."

"ఆవిడ అంత ఏం ఒరగబెట్టింది?"

పిల్ల జడ చివర వేలికి చుట్టుకుంది. "అమ్మ పోయాక నేను నాలుగు నెలలు మాట్లాడలేదు నాన్నా. ఎవరితోనూ. ఎందుకు మాట్లాడవని టీచరు ఒక్కసారీ అడగలేదు. రోజూ హాజరుపట్టీ నా చేతికిచ్చి, ఆఫీసు గదిదాకా తోడు రమ్మనేది. దారంతా తనే ఏదో ఒకటి చెప్పేది. పాలు మాడిపోయాయనీ, గొడుగు మర్చిపోయాననీ. ఒకరోజు వాళ్ల పిల్లి ఈనిందని చెప్పింది. ఎన్ని పిల్లలని అడిగేశాను. 'మూడు' అంది, నేను రోజూ మాట్లాడుతున్నట్టే."

దర్జీ తల్లివైపు చూశాడు. "నాలుగు నెలలా? నాకెందుకు చెప్పలేదమ్మా?"

"రెండుసార్లు నీ దగ్గరకొచ్చి నిలబడ్డానురా. నువ్వు మిషను ఆపలేదు."

నిజమే. ఆ రోజుల్లో అతను మోయలేనన్ని బట్టలు నెత్తికెత్తుకున్నాడు. మిషను ఆగితే ఇల్లు బావురుమనేది. అందుకే కాలు తీయకుండా తొక్కాడు. ఆ చప్పుడులో, ఇంట్లో ఇంకో గొంతు కూడా లేకుండా పోయిందని అతనికి తెలియలేదు.

కాసేపటికి లేచి చెప్పులు వేసుకున్నాడు. "పద."

"ఎక్కడికి?" అంది పిల్ల బెదురుగా.

"మీ బడికి."

లెక్కల టీచరు చేతికంటిన సుద్దపొడి దులుపుకుంటూ వరండాలోకి వచ్చింది. ఏమని మొదలుపెట్టాలో దర్జీకి తోచలేదు. ఆవిడే అందుకుంది.

"మంచిపని చేశారు, నేనే కబురు పెడదామనుకుంటున్నాను. మీ అమ్మాయి వట్టి వసపిట్టండీ! పాఠం జరుగుతుంటే కూడా నోరు మూయదు. పక్కవాళ్లనీ చెడగొడుతోంది. నిన్న భరించలేక బయట నిలబెట్టాను. ఇంట్లో కాస్త గట్టిగా చెప్పండి."

దర్జీ రెండు చేతులూ జోడించాడు. కళ్లు తుడుచుకుందామన్నా ఆ చేతులు విడదీయబుద్ధి కాలేదు.

"నేను చెప్పలేనమ్మా," అన్నాడు. "ఇంకో మూడేళ్లు మీరే తిట్టండి."