మూత బిగించిన సీసా

"ఇవాళ వెల్లుల్లి చేదెక్కింది."

అన్నది వాచీలు బాగుచేసే అబ్బాయి. విన్నది నూడుల్స్ కొట్టు అమ్మాయి. మధ్యలో ఓ బల్ల, బల్ల మీద పొగలు కక్కే గిన్నె.

రోజూ మధ్యాహ్నం ఎదురు కొట్లోంచి వీధి దాటి వచ్చి, మారు మాట్లాడకుండా తినిపోయే మనిషి. నోరు విప్పితే ముత్యాలు రాలతాయేమోనని ఆమె చాన్నాళ్లుగా చూస్తోంది. తీరా రాలింది ఇదీ.

"అయితే మీరే వేయించి తీసుకురండి, గడియారం గారూ," అంది గరిటె కింద పెడుతూ. "చేదు లేకుండా, కరకరలాడుతూ. అందాకా మీ గిన్నెలో ఉత్త నూడుల్సే."

"కస్టమర్‌తో ఇలాగేనా మాట్లాడేది?"

"కస్టమర్లతో ఇలా మాట్లాడను."

విసురుగా వంటగదిలోకి వెళ్లిపోయింది.

గల్లాపెట్టె దగ్గర ఆమె మేనత్త కూర్చునుంది. కొట్టు ఆవిడదే. కళ్లజోడు పైనుంచి చూసి, "దాన్ని కదపకు బాబూ, అసలే చిరాకులో ఉంది. ఓ సంబంధం వచ్చింది. ఎల్లుండి ఆదివారం వాళ్లకి జవాబు చెప్పాలి," అంది.

అతను గిన్నె సగంలోనే వదిలేసి లేచాడు.

సాయంత్రం పెందలాడే కొట్టు కట్టేసి, సంచీ నిండా వెల్లుల్లితో ఇల్లు చేరాడు. వాళ్లమ్మ తలుపు దగ్గరే పసిగట్టింది.

"ఎవరికిరా ఇంత వెల్లుల్లి?"

"ఊరికే."

"ఊరికే ఇన్ని పాయలు ఎవరూ వలవరు. ఆ నూడుల్స్ కొట్టు పిల్లకేనా?"

అతను తొక్క తీస్తూ తల వంచుకున్నాడు. సంబంధం సంగతి నమిలి నమిలి చెప్పాడు.

"నువ్విలా నోట్లో బెల్లంగడ్డ పెట్టుకుని కూర్చో. ఈనగాచి నక్కల పాలు చేసినట్టే," అంది తల్లి.

సన్నగా తరిగి, కాగిన నూనెలో వేశాడు. బుస్సుమని పొంగి, చూస్తుండగానే నల్లబడింది. ఇల్లంతా కమురు వాసన.

"నూనె చల్లగా ఉన్నప్పుడే వెయ్యాలిరా. మంట సన్నగా పెట్టు. రంగు ఇంకాస్త తిరగాలి అనిపించగానే తీసెయ్. దించాక కూడా తన వేడికి తనే వేగుతుంది."

రెండో వాయి అలాగే చేశాడు. రేకు మీద తుంపర పడ్డట్టు చిటపటలాడింది. ముక్కలు లేత పసుపుకు తిరగ్గానే చిల్లుల గరిటెతో తీశాడు. ఒకటి నోట్లో వేసుకుంటే కరకరమంది. ప్రాణం లేచొచ్చింది. ఆ ఊపులో ముక్కలు, నూనె అన్నీ సీసాలో పోసి మూత గట్టిగా బిగించాడు. తెరిచిన వాచీ మీద క్షణం ఆగకుండా గాజు గిన్నె బోర్లించే చెయ్యి అది. దేన్నీ తెరిచి ఉంచదు.

మర్నాడు మధ్యాహ్నం వాన. చొక్కా కింద సీసా దాచుకుని వీధి దాటాడు.

ఆమె మూత తిప్పింది. మూత లోపల నీటి చుక్కలు. చెంచాతో కాస్త తీసి నమిలింది. చప్పుడే లేదు.

"చేదు లేదు. కరకరా లేదు. వేడి మీదే మూత పెట్టారా?"

"దుమ్ము పడుతుందని."

ఆమె పెదవి బిగబట్టింది. నవ్వు ఆగలేదు. "ఆవిరి పోనివ్వాలండీ, లేకపోతే ఆ చెమ్మ తిరిగి దాని మీదే పడుతుంది. నూనె వేరు, ముక్కలు వేరుగా చల్లారనివ్వాలి. మీరు అన్నిటికీ ఇంతేనా?"

"ఏమిటి ఇంతే?"

"లోపల కుతకుతలాడుతున్నా పైన మూత బిగించెయ్యడం."

చూరు నుంచి నీళ్లు ధారగా పడుతున్నాయి. మేనత్త తుడిచిన చెంచానే మళ్లీ తుడుస్తోంది.

"రేపు వాళ్లకి ఏం చెబుతారు?" అన్నాడు.

"ఇంకెవరూ అడగకపోతే, సరే అంటాను."

సీసా వంక చూశాడు. వాన వంక చూశాడు. చూడ్డానికి ఇంకేం మిగల్లేదు.

"వద్దని చెప్పు. నన్ను చేసుకో," అన్నాడు. 'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో అతనికే తెలీదు. "నేనిక్కడికి తిండి కోసం రాను. అసలు నాకు నూడుల్సంటే పెద్ద ఇష్టం లేదు."

"మరి నిన్న నా వెల్లుల్లికి వంకెందుకు పెట్టావు?"

"ఏదో ఒకటి మాట్లాడదామనుకున్నా. అదే వచ్చింది నోటికి."

ఆమె సీసాకి మూత పెట్టబోయి, మానేసింది. తర్వాత నెమ్మదిగా, "నిన్న నిజంగానే మాడింది," అంది. "నువ్వు వీధి దాటుతుంటే చూస్తున్నా. పొయ్యి సంగతి మరిచిపోయా."

మేనత్త చెంచా పక్కన పెట్టింది. "అబ్బాయ్, రేపు మీ అమ్మగార్ని తీసుకురా. వాళ్లకి నేను చెప్పుకుంటాలే. ఒసేయ్, అల్లుడికి ఉత్త నూడుల్స్ పెడతావుటే?"

ఆమె బాణలి పొయ్యి మీద పెట్టి, చల్లటి నూనె పోసి, తరిగిన వెల్లుల్లి అందులో వేసింది. గరిటె అతని చేతికిచ్చింది.

"ఈసారి పొయ్యి నువ్వు చూడు."

"మరి నువ్వు?"

"నా పని నాకుంది," అంది, అతన్నే చూస్తూ.