యోగలక్ష్మి ఇంటిపేరు

"నీ చెయ్యి ఇరిగిపోను! ఏం పని చేసినావు!"

తమిళనాడులోని ధర్మపురి బస్టాండు వెనక సందులో ఉన్న ఆ గేమింగ్ సెంటర్‌లో తెలుగు తిట్టు వినబడడం అదే మొదటిసారి. తిట్టు తిన్నది సెంటర్ ఓనర్ వసంతకుమార్. టైం అయిపోయిందని తమిళంలో చెప్పి చూశాడు. ఆట ఆడుతున్న అమ్మాయి ఉలకలేదు, పలకలేదు. స్విచ్ ఆపేశాడు. ఇప్పుడు కోపం తెచ్చుకోవలసింది పోయి, నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

"మీరు తెలుగా?"

"తిట్టింది అర్థమయిందా, లేదా?"

"అయింది."

"అయితే తెలుగే. ఆ గుహ దాటితే ఒక రాయి ఉండాది. ఆడికి పోతేనే ఆట సేవ్ అవుతుంది. క్లాసు ఎగ్గొట్టి ఆడిందంతా మట్టిలో కలిపినావు!"

వసంత్‌కు ఇవేవీ తెలియవు. ఎవరో అమ్మేస్తే కొన్న పాత కన్సోల్ అది. కత్తులు, మంత్రాలు, డ్రాగన్లు ఉన్న పాతకాలపు జపాన్ ఆట ఒకటి దానితోపాటే వచ్చింది. సెంటర్‌కు వచ్చే కుర్రాళ్ళకు ఫుట్‌బాల్ కావాలి, తుపాకులు కావాలి. నలుగురు వీరులు వరసగా నిలబడి, ఒకడు కొట్టాక ఇంకొకడు కొట్టేదాకా మర్యాదగా కాచుకునే యుద్ధం ఎవరికి కావాలి? పైగా తెరనిండా జపాన్ అక్షరాలు.

"ఇది చదవను వస్తుందా మీకు?"

"తెలుగు కూడా చదవను రాదు నాకు. అయినా ఇంట్లో మాట్లాడతా లేదా?"

వసంత్ నవ్వాడు. ఆమె నవ్వలేదు. కానీ మరునాడు మళ్ళీ వచ్చింది.

పేరు అడిగితే ఆర్. యోగలక్ష్మి అంది. ఆర్ అంటే నాన్న రామసామి. మహేంద్రమంగళంలో టమాటా పండిస్తాడు. తాను గవర్నమెంటు పరీక్షల కోచింగ్‌కని రోజూ బస్సులో వస్తుంది. అతను పి. వసంతకుమార్. ఈ జిల్లాలో అందరి పేర్లూ ఇంతే, నాన్న పేరులోంచి ఒక అక్షరం, ఆపైన తన పేరు. అంతకుమించి అడగాలని ఇద్దరికీ తోచలేదు.

ఆ ఏడు వానలు కూడా వాళ్ళ పక్షమే. సాయంత్రం అయ్యేసరికి రేకుల మీద దబదబా కొట్టేది. బస్సు దొరకదన్న సాకుతో యోగ ఆగిపోయేది, కుర్చీ దగ్గరికి జరుపుకోవడానికి వసంత్‌కు సాకే అక్కర్లేకపోయింది. ఆమె యుద్ధం చేసేది, అతను ఆటలోని మందుల సంచి చూసుకునేవాడు. సంచిలో చచ్చేవాణ్ణయినా లేపి కూర్చోబెట్టే మందు సీసా ఒకటుంది.

"ఆ మందు నాకు పొయ్యి," అంది యోగ.

"వద్దు. అది ఒకటే ఉండాది. ముందు పెద్ద రాక్షసుడు వస్తాడు."

"వీడికంటే పెద్దోడా? నేను చచ్చినాక ఎవరికి పోస్తావు?"

"ముందు వస్తాడు అంటే వస్తాడు. ఉండనీ."

యోగ అతనివైపు ఓరగా చూసింది. ఆ చూపుకే వసంత్ మూడు బటన్లు తప్పు నొక్కాడు. వీరులు నలుగురూ నేల కూలారు. ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు.

ఆట ముగిసిన రోజు, తెర మీద పేర్లు పైకి పాకుతుంటే, యోగే అడిగింది.

"మీ అమ్మకు చెప్తావా, నేనే వచ్చి చెప్పాల్నా?"

"చెప్పేది ఏముండాది? తమిళ పిల్ల కోడలై వస్తే నేను ఎవరితో మాట్లాడేది అని రోజూ ఏడుస్తుంది. నిన్ను చూస్తే ఎత్తుకుని ఆడిస్తుంది."

తనంత అదృష్టవంతుడు జిల్లాలోనే లేడనుకున్నాడు పాపం.

ఆదివారం తల్లి రంగనాయకమ్మ కొత్త చీర కట్టి, పండ్లు, పూలు పట్టుకుని కొడుకుతో బస్సెక్కింది. యోగ ఇంట్లో మొదట ఊరికే పలకరింపులు, తరవాత కాఫీ. మాట తెలుగులో సాగుతుంటే రంగనాయకమ్మ ముఖం విప్పారింది. సంబంధం సంగతి ఎత్తేముందు పెద్దలు అడిగే మాటే అడిగింది.

"మీ ఇంటిపేరు ఏమి, అన్నా?"

"తూముల వాళ్ళము," అన్నాడు రామసామి.

రంగనాయకమ్మ చేతిలో గ్లాసు ఆగింది. "మేమూ తూముల వాళ్ళమే," అంది మెల్లగా.

ఒకే ఇంటిపేరంటే పంగాళీలు, అంటే దాయాదులు. వాళ్ళ పిల్లలు అన్నాచెల్లెళ్ళు. ఆంధ్రలో అయితే ఇంటిపేరు మనిషికంటే ముందు నడుస్తుంది, మొదటి రోజే తేలిపోయేది. ఇక్కడ అది ఇంట్లోనే ఉంటుంది, పెళ్ళి మాటలప్పుడు మాత్రమే గడప దాటుతుంది.

తిట్టుకుని విడిపోయినా బాగుండేది. రామసామికి సంతోషం పట్టలేదు. "అయితే మీరు మాకు వదిన వరస! నాకు కొడుకు లేడని ఏడుస్తావుంటి. ఇంకమీద వీడే నా కొడుకు. యోగా, అన్నకు ఇంకొంచెం కాఫీ తే!"

యోగ వంటింటి గడపలో రాయిలా నిలబడింది. వసంత్ తల్లి వైపు చూశాడు. తల్లి అతని వైపు చూడలేదు.

"ఊరికే చూసి పోదామని వచ్చినాము," అంది రంగనాయకమ్మ. పూలు తానే యోగ తలలో తురిమింది.

మరునాడు వానలో తడిసి వచ్చింది యోగ. కన్సోల్ దగ్గరికి పోలేదు.

"ఎన్ని తరాల కిందట ఒకటిగా ఉన్నారంట? ఏ ఊర్లో? మీ అమ్మకు తెలుసునా?"

"తెలీదు. ఎవరికీ తెలీదు."

"అయితే మా నాయన దగ్గరికి వచ్చి ఒక మాట చెప్పు. నాకు ఈ పిల్ల కావాల అని. కొడితే నేనూ నీతో దెబ్బలు తింటా. ఒంటిగా నిలబడమని అనలేదు."

"కొంచెం ఓర్చుకో యోగా. అమ్మకు మెల్లగా చెప్తా. ఇప్పుడు చెప్తే..."

"ఆ మందు కూడా ఇట్లే దాచినావు. ఆట అయిపోయింది, సంచిలో అట్లే ఉండాది."

ఆమె నిలబడింది, చాలాసేపే నిలబడింది. అతనికి ప్రేమ లేక కాదు. ఆమె లేకపోతే ఎట్లా బతికేది అని గుండె అడుగుతూనే ఉంది. నాలుక మీద మాత్రం తల్లి ముఖం కూర్చుంది. యోగ మెట్లు దిగిపోయింది. గొడుగు తీసుకుని వెనకే పరిగెత్తాలని కూడా అతనికి తర్వాతే తోచింది.

మెల్లగా చెప్తానన్న మాట మెల్లగానే ఉండిపోయింది. సంక్రాంతి దాటి తై నెలలో రామసామి ఫోన్ చేశాడు.

"నాయనా, యోగకు కల్యాణం కుదిరింది. పిల్లోడు హరూర్‌లో ఉండాడు, ప్రభు అని. పెండ్లికూతురి అన్న చేయాల్సిందంతా నువ్వే చేయాల. నాకు ఇంకెవరు ఉండారు?"

అప్పుడైనా చెప్పవచ్చు. "సరి చిన్నా... సరి నాయనా," అన్నాడు వసంత్. వరస కూడా సరిగా నోరు తిరగలేదు.

పెళ్ళిరోజు పాలక్కోడు కల్యాణ మండపం గుమ్మం దగ్గర, మేళం మోగుతుండగా, పెళ్ళికొడుకు మెడలో దండ వేసి, చెయ్యి పట్టుకుని పీట దాకా నడిపించాలి అన్న. వసంత్ దండ వేశాడు. ప్రభు మంచివాడిలాగే ఉన్నాడు. చెయ్యి గట్టిగా పట్టుకుని, "మచ్చాన్, మీ గురించి మామ చాలా చెప్పినాడు," అన్నాడు నవ్వుతూ, బావమరిది వరస కలిపి. అతన్ని తిట్టుకోవడానికి కూడా వసంత్‌కు కారణం దొరకలేదు.

యోగ పీట మీద తల వంచుకుని కూర్చుంది. ప్రభును ఆమె పక్కన కూర్చోబెట్టి వసంత్ అక్కడే ఉండిపోయాడు. ఫోటోగ్రాఫర్ కిందినుంచి చెయ్యి ఊపుతూ ఏదో అరిచాడు.

యోగ తల ఎత్తింది. కళ్ళు పొడిగా ఉన్నాయి.

"అన్నా," అంది అందరికీ వినబడేటట్లు, "పక్కకు నిలబడు. ఫోటోకు అడ్డం వస్తావుండావు."

వసంత్ పక్కకు జరిగాడు.